ఎడం చెయ్యి

పదో తరగతి గదిలో బల్లలన్నీ గోడకి జరిపేశారు.
లెక్కలు తుడవని నల్లబోర్డు కింద
నీలం ఐసుపెట్టె.
ఆధార్ కార్డులు పట్టుకుని వరసలో మేం,
ముక్కు కిందికి జారిన మాస్కుల్తో.

"సూది గుచ్చిన కాడ రూపాయి బిళ్ళ అతుక్కుపోతాదట,
మా బావ ఫోన్లో సూపించినాడు" అన్నాడు డిల్లేసు.
"నీకు రూపాయెవడిచ్చాడ్రా" అంది హైమ.
హైమకి సూది కన్నా ఫొటో ముఖ్యం.
దూది అద్దుకుని ఎలా నిలబడాలో
నిన్నటి నుంచీ అద్దం ముందు సాధన.
కామాక్షి మాత్రం కిటికీ ఊచ పట్టుకుని
వాళ్ళమ్మ మాటని పళ్ళ మధ్య బిగించుకుంది:
ఇది వేయించుకుంటే రేపు పిల్లలు పుట్టరట.
పదిహేనేళ్ళకి
పుట్టని పిల్లల బెంగ.

నాకు భయం లేదు.
అబద్ధం.
నాకు సూదులు తెలుసు, అంతే.

మంగళవారం, శుక్రవారం
అమ్మ జీడిపిక్కల బట్టీకి పోతే
అయ్యతో సోంపేట ఆసుపత్రికి ఆటోలో నేను.
నాలుగు గంటలు
ఎడం చేతిలో రెండు సూదులు,
ఒకటి పట్టుకెళ్ళేది, ఒకటి తెచ్చేది.
ఆ చేతి నరం కొబ్బరి వేరులా ఉబ్బి ఉంటుంది.
ముట్టుకుంటే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు గుయ్యిమంటుంది.
మా తమ్ముడు దానికి చెవి ఆనించి నిద్రపోతాడు.

మా ఉద్దానానికి సీసాలవాళ్ళు వస్తారు.
నేను ఒకటో తరగతిలో ఉండగా వచ్చి
బోరింగు నీళ్ళు పట్టుకెళ్ళారు.
నాలుగులో ఉండగా రక్తం.
ఆ తర్వాత పొలంలో మట్టి, వంటింట్లో గుప్పెడు బియ్యం.
తుఫాను తోటలన్నిటినీ పడుకోబెట్టిన ఏడు కూడా
ఎవరో వచ్చారు,
కూలిన చెట్లు లెక్కపెట్టుకుని వెళ్ళారు.
రిపోర్టు వస్తాది అన్నారు.
ఇంకా దార్లోనే ఉంది.

అందుకే నా వంతు వచ్చేసరికి
చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
"ఏటే గుంటా, బయ్యమా?" అంది నర్సు తవిటమ్మ.
"కాదు. ఇది మా కాడ్నించి ఏటన్నా పట్టుకెళ్తాదా?"
ఆవిడకి అర్థం కాలేదు. లేదా అయింది.
సిరంజిని వెలుతురుకెత్తి చూపించింది.
"పట్టుకెళ్ళడానికి ఇందల సోటేదమ్మా,
అర మిల్లీ. నిండుగున్నాది."

వెంటనే నమ్మేశానని కాదు.
డయాలసిస్ గదిలో కిటికీ పక్క మంచం గుర్తొచ్చింది.
రెండేళ్ళు మా అయ్యకి ఎదురుగా పడుకుని
చేపల పులుసు గురించే మాట్లాడిన కూర్మయ్య తాత
మే నెలలో ఒక శుక్రవారం రాలేదు.
దుప్పటి మడతపెట్టి
తలగడ మీద పెట్టేశారు ఎవరో.
ఆ దగ్గు ఇంట్లోకి ఎవరు తెచ్చారని
ఎవరూ అడగలేదు.
తాత మనవడు నా ఈడువాడే.
బస్సులో ఇప్పటికీ
కిటికీలోంచి బయటికే చూస్తుంటాడు.

చెయ్యి చాపాను.

డిల్లేసు కళ్ళు తిరిగి పడ్డాడు,
సూదికి కాదు, పొద్దున్న చద్దన్నం మానేసినందుకు.
హైమ ఫొటోలో కళ్ళు మూసుకుపోయాయి.
కామాక్షి బడిగంట కొట్టేదాకా ఊచ వదల్లేదు.
నేనేమీ చెప్పలేదు.
చెప్తే వినేదో, లేదో.
చెప్పాల్సింది, అనిపిస్తుంది ఒక్కోసారి.

రాత్రికి భుజం బండరాయి.
గుమ్మంలో ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను.
ఆ చేత్తో అయ్య బరువెత్తకూడదు,
నా చెయ్యి ఇవాళ లేవదు.
"నీదీ ఎడమేనేటే" అని నవ్వాడు,
ఈ నెలలో మొదటిసారి.
ఇద్దరి కుడిచేతులూ ఒకే పిడి పట్టుకుంటే
ఒకరు వెనక్కి నడవాలి.
అయ్య వెనక్కి నడిచాడు,
కాళ్ళ మీద ఒలికించుకుంటూ,
నా మొహం చూసుకుంటూ,
వంటింటి దాకా.